దేవునితో వ్యక్తిగత సంబంధం (తెలుగు క్రైస్తవం)

దేవునితో వ్యక్తిగత సంబంధం అనేది క్రైస్తవ మతంలో, ముఖ్యంగా ప్రొటెస్టంటు శాఖలలో, ప్రధానమైన భావన. పుట్టుక వలన గానీ, కుటుంబాచారం వలన గానీ, సంఘ సభ్యత్వం వలన గానీ ఒక వ్యక్తి క్రైస్తవుడు కాడనీ, తనంతట తానుగా యేసుక్రీస్తును నమ్మి, ప్రార్థన ద్వారా దేవునితో నేరుగా మాట్లాడుతూ జీవించటమే అసలైన విశ్వాసమనీ ఈ భావన సారాంశం. తెలుగు క్రైస్తవులు దీనిని "క్రీస్తును సొంత రక్షకునిగా అంగీకరించుట" అని వ్యవహరిస్తారు. తెలుగునాట ఈ భావనకు రెండు వందల యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. కులం, ఊరు, బంధువర్గం కలిసి మనిషి జీవితాన్ని నిర్ణయించే సమాజంలో "నేను ఒక్కడినే నమ్మాను" అనటం ఎంతవరకు సాధ్యం అన్న ప్రశ్న ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

పదాలు

"వ్యక్తిగత సంబంధం" అనే మాట బైబిలులో ఎక్కడా లేదు. ఇది 20వ శతాబ్దంలో అమెరికా సువార్తికుల ప్రసంగాల ద్వారా బాగా వ్యాప్తి చెందిన పదబంధం. అయితే దీనికి దగ్గరి మాటలు తెలుగు సంఘాలలో అంతకుముందు నుండే ఉన్నాయి. పాపపు జీవితం నుండి దేవునివైపు తిరగటాన్ని "మారుమనస్సు" అంటారు. ఆ తరువాత కలిగే కొత్త జీవితాన్ని "తిరిగి జన్మించుట" అంటారు. ఇదంతా తనకు ఎలా జరిగిందో పదిమంది ముందు చెప్పటం "సాక్ష్యం". న్యాయస్థానంలోని సాక్ష్యం ఇతరుల సంగతి గురించి ఐతే, సంఘంలోని సాక్ష్యం పూర్తిగా తన సంగతే. కొన్ని సంఘాలలో విశ్వాసులు తాము "రక్షింపబడిన" తేదీని పుట్టినరోజు వలె గుర్తు పెట్టుకుంటారు.

ఇక్కడ తెలుగు భాషకు సంబంధించిన ఒక విశేషం గమనించదగినది. తెలుగువారు పెద్దలను "మీరు" అని మన్నిస్తారు, కాని దేవుణ్ణి మాత్రం "నీవు" అనే పిలుస్తారు. తెలుగు బైబిలులో యేసును గురించి చెప్పేటప్పుడు "ఆయన" అన్న గౌరవ పదం వస్తుంది. ప్రార్థనలో ఎదుట నిలిచి మాట్లాడేటప్పుడు అది "నీవు" గా మారిపోతుంది. ఈ చనువును మిషనరీలు తెచ్చిపెట్టలేదు. అన్నమయ్య, రామదాసు కీర్తనలలోనూ పిలుపు ఇటువంటిదే.

బైబిలు ఆధారాలు

పాత నిబంధనలో దేవుని ఒడంబడిక ప్రధానంగా ఇశ్రాయేలు ప్రజలందరితో చేసినది. ఐనా అబ్రాహాము, మోషే, యిర్మీయా వంటి వ్యక్తులు దేవునితో వాదించిన, బతిమాలిన, అలిగిన ఘట్టాలు అందులో ఉన్నాయి. కీర్తనల గ్రంథంలో చాలా భాగం ఉత్తమ పురుష ఏకవచనంలో సాగుతుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు మొదట కంఠస్థం చేయించే 23వ కీర్తన అటువంటిదే.

కొత్త నిబంధనలో యేసు దేవుణ్ణి "అబ్బా" అనే అరమాయిక్ పదంతో సంబోధిస్తాడు. ఇది తండ్రిని పిలిచే ఇంటిమాట. యోహాను సువార్త 15వ అధ్యాయంలోని ద్రాక్షావల్లి ఉపమానం, 20వ అధ్యాయంలో సమాధి వద్ద మగ్దలేనే మరియను యేసు పేరుతో పిలిచిన సంఘటన ఈ సందర్భంలో తరచుగా ఉదహరింపబడతాయి. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని రహస్యంగా ప్రార్థించమన్న బోధ మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో దాని వెంటనే యేసు నేర్పిన ప్రార్థన మాత్రం ఆద్యంతం బహువచనంలో నడుస్తుంది. ఏకాంతం, సమూహం రెండూ ఇలా పక్కపక్కనే ఉండటం వలన తరువాతి కాలంలో ఇరుపక్షాలవారూ ఇదే అధ్యాయాన్ని ఆధారంగా చూపించగలిగారు.

ఐరోపా నేపథ్యం

4, 5 శతాబ్దాలకు చెందిన అగస్టీను తన జీవితకథను దేవునికి చెప్పుకున్న ఒప్పుకోలుగా వ్రాశాడు. 1517లో మార్టిన్ లూథర్ ప్రారంభించిన సంస్కరణోద్యమం, మనిషికీ దేవునికీ మధ్య క్రీస్తు తప్ప మరొక మధ్యవర్తి అవసరం లేదని బోధించింది. కాని లూథరను సంఘాలు కూడా క్రమంగా రాజ్యం నడిపే వ్యవస్థలుగా మారాయి. దీనికి ప్రతిస్పందనగా జర్మనీలో "పయటిజం" అనే భక్తి ఉద్యమం పుట్టింది. ఫిలిప్ యాకోబ్ స్పేనర్ 1675లో ప్రచురించిన రచనతో ఇది రూపు దిద్దుకుంది. చిన్న చిన్న బృందాలుగా ఇళ్ళలో బైబిలు చదవటం, హృదయ పరివర్తన, ప్రతి వ్యక్తీ తన భాషలో వాక్యం చదువుకోవటం దీని లక్షణాలు. అగస్ట్ హెర్మన్ ఫ్రాంకె నాయకత్వంలో హాలె నగరం ఈ ఉద్యమానికి కేంద్రమైంది. ఇంగ్లాండులో జాన్ వెస్లీ 1738 మే 24న పొందిన అనుభవం, దాని నుండి ఎదిగిన మెథడిస్టు ఉద్యమం కూడా ఈ ధోరణికి చెందినవే.

తెలుగునాట ప్రవేశం

హాలె నగరానికి తెలుగు అక్షరానికి ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు అక్కడివే. హాలె పయటిస్టుల ప్రేరణతో 1706లో తరంగంబాడిలో మిషను మొదలయింది. ఆ మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకొని, బైబిలును తెనిగించాడు. 1743లో ఇతడు జర్మనీకి తిరిగి వెళ్ళాడు. 1746లో "మోక్షానికి కొంచు పొయ్యే దోవ", 1747లో "నూరు జ్ఞాన వచనములు" హాలెలో అచ్చయ్యాయి. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి తెలుగు అనువాదం కూడా ఆ కాలంలోనే వెలువడింది. అంటే తెలుగు ముద్రణ చరిత్ర వ్యక్తిగత భక్తిని ప్రచారం చేసే గ్రంథాలతో మొదలయింది. ఎవరి పుస్తకం వారు చదువుకోవాలన్న పట్టుదలే సముద్రానికి ఆవల తెలుగు అచ్చు అక్షరాలను పోత పోయించింది.

తెలుగు ప్రాంతంలో స్థిరమైన ప్రొటెస్టంటు మిషను 1805లో విశాఖపట్నంలో ఏర్పడింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ దీని స్థాపకులు. వీరికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో మరణించారు. వారి అనువాదంలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన పూర్తి కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. మిషనరీల కంటే ముందుగా వారి కరపత్రాలే దూరపు ఊళ్ళకు చేరేవి. చదవటం వచ్చినవాడు ఒంటరిగా కూర్చొని చదివి, ఒంటరిగా ఆలోచించుకొనే పద్ధతి ఇలా మొదలయింది.

పురుషోత్తమ చౌధరి

తెలుగునాట వ్యక్తిగత క్రైస్తవ భక్తికి తొలి ప్రముఖ ఉదాహరణ పురుషోత్తమ చౌధరి (1803-1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగదేశపు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు కూర్మనాథ చౌధరి. సంస్కృతాంధ్రాలలో చక్కని పాండిత్యం సంపాదించాడు. ఒక క్రైస్తవ కరపత్రం చదివి ఆలోచనలో పడి, విశాఖపట్నం వెళ్ళి అక్కడి హెలెన్ నాట్ అనే మిషను మహిళ వద్ద మరిన్ని సంగతులు తెలుసుకొన్నాడు. 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందాడు. తరువాత బోధకుడుగా ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాలలో పనిచేశాడు.

ఈ నిర్ణయానికి ఆ రోజులలో ఎంత మూల్యం ఉండేదో గుర్తు చేసుకోవాలి. బాప్తిస్మం పొందిన బ్రాహ్మణుడికి కులంతో పాటు పంక్తిభోజనం, బంధుత్వం పోయేవి. మతం మారినవారికి వారసత్వపు ఆస్తిహక్కును కాపాడిన చట్టం 1850లో గానీ రాలేదు. కాబట్టి 1833లో "సొంత విశ్వాసం" అంటే ఇంటినీ, ఆస్తినీ, అంత్యక్రియలు చేసే చేతులనూ వదులుకోవటానికి సిద్ధపడటమే. చౌధరి "కులాచార పరీక్ష" అనే గ్రంథం వ్రాయటంలో ఆశ్చర్యం లేదు.

చౌధరి నూటికి పైగా కీర్తనలు, "నిస్తార రత్నాకరము", "యేసు నాయక శతకము" మొదలైన రచనలు చేశాడు. ఆంగ్ల బాణీలకు తెలుగు మాటలు పొదగక, పల్లవి, అనుపల్లవి, చరణాలతో రాగతాళాలు కలిగిన కీర్తన పద్ధతినే తీసుకొన్నాడు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" సంకలనంలో పాటల తలపై నేటికీ రాగం, తాళం పేర్లు కనిపించటం ఈ సంప్రదాయ ఫలితమే. ఈ కీర్తనలలోని భక్తి సిద్ధాంతంపై ఆర్.ఆర్. సుందరరావు చేసిన పరిశోధన 1983లో గ్రంథంగా వెలువడింది.

చౌధరి కీర్తనలకు వెనుక ఉత్తరాంధ్ర భక్తి నేల ఉంది. 13వ శతాబ్దంలో కృష్ణమాచార్యుడు సింహాచల నరసింహస్వామిని ఉద్దేశించి తెలుగు వచనాలలో మొరపెట్టుకున్నాడు. చోడవరం సమీపంలోని వడ్డాది రాజధానిగా మత్స్యవంశీయులు పాలించినది కూడా ఆ శతాబ్దంలోనే. "సింహగిరి వచనములు" గా ప్రసిద్ధమైన ఆ రచనలో భక్తుడు దేవుని ఎదుట ఏకవచనంలో నిలిచి, తన దోషాలు తానే చెప్పుకుంటాడు. కాబట్టి చౌధరి పాటలు విన్న ఉత్తరాంధ్ర శ్రోతకు వాటిలో ఇష్టదైవం మాత్రమే కొత్త. దేవునితో మాట్లాడే తీరు కొత్త కాదు. క్రైస్తవ చరిత్రకారులు పయటిజానికి ఇచ్చినంత ప్రాధాన్యం ఈ స్థానిక మూలానికి ఇవ్వలేదనే చెప్పాలి.

సామూహిక ఉద్యమాలు - వ్యక్తి ప్రశ్న

చౌధరి వంటి ఒంటరి పరివర్తనలు సంఖ్యలో చాలా తక్కువ. తెలుగు క్రైస్తవ జనాభాలో అధికభాగం 19వ శతాబ్దం చివరి దశకాలలో దళిత కులాల నుండి, కుటుంబాలుగా, పల్లెలుగా వచ్చినవారు. ఒంగోలు ప్రాంతంలో ఈ ఉద్యమానికి ఆద్యుడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులానికి చెందిన ఇతడు మొదట యోగమార్గంలో గురువును ఆశ్రయించి సాధన చేసినవాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషను ద్వారా బాప్తిస్మం పొందాడు. అంటే సామూహిక ఉద్యమపు మొదటి అడుగు కూడా ఒక వ్యక్తి సొంత వెతుకులాటే. ఈ నేపథ్యాన్ని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా నమోదు చేసింది.

1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా కరువు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇంతమంది ఒక్కొక్కరుగా నమ్మారా, లేక పల్లె పెద్దల వెంట నడిచారా అన్న చర్చ అప్పుడే మొదలయింది. బాప్టిస్టులకు ఇది మరింత చిక్కు ప్రశ్న. ఎందుకంటే శిశువులకు బాప్తిస్మం ఇవ్వక, సొంతంగా విశ్వాసం ఒప్పుకున్నవారికే ఇవ్వాలన్నది వారి మూల సిద్ధాంతం.

ఈ చర్చ 1930లలో జాతీయ స్థాయికి చేరింది. 1935లో అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తరువాత, మత మార్పిడి హృదయానికి సంబంధించిన వ్యక్తిగత విషయమనీ, మూకుమ్మడి మార్పిడులు అటువంటివి కావనీ గాంధీ వాదించాడు. 1912లో దోర్నకల్లు బిషప్పు పదవి చేపట్టిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య దీనితో విభేదించాడు. పేదలు కలిసి జీవిస్తారు గనుక కలిసే నిర్ణయించుకుంటారనీ, అంతమాత్రాన వారి విశ్వాసం నిజం కాకపోదనీ ఆ పక్షం వాదన. వాస్కం పికెట్ 1933లో ప్రచురించిన అధ్యయనం కూడా సామూహిక ఉద్యమాలలో చేరినవారి ఉద్దేశాలను పరిశీలించింది. "హృదయపూర్వకంగా నమ్మారా" అన్న ప్రశ్న చదువుకున్న ధనికుణ్ణి కాక ఎప్పుడూ పేదవాణ్ణే అడగటంలో ఒక అసమానత ఉంది. ఈ విషయం నాటి వాదోపవాదాలలో తక్కువగా చర్చకు వచ్చింది.

20వ శతాబ్దపు ఉద్యమాలు

మిషను సంఘాలలో రెండవ, మూడవ తరాలు పుట్టుకతో క్రైస్తవులయ్యాక, వ్యక్తిగత విశ్వాసం పలుచబడిందన్న విమర్శ లోపలి నుండే వచ్చింది. దీనికి స్పందనగా రెండు ఉద్యమాలు తెలుగునాట బలంగా నాటుకున్నాయి.

మొదటిది బైబిలు మిషను. లూథరను సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో దీనిని ప్రారంభించాడు. విదేశీ మిషను అండ లేకుండా తెలుగువారే నెలకొల్పిన శాఖ ఇది. "సన్నిధి" అనే సాధన దీని ప్రత్యేకత. నిశ్శబ్దంగా కూర్చొని, తలంపులను నిలుపుకొని, దేవుడు మాట్లాడే వరకు కనిపెట్టుకొని ఉండటాన్ని సన్నిధి అంటారు. తెలియని సంగతిని దేవునినే అడిగి తెలుసుకోవాలన్నది దేవదాసు బోధ. ఇతడు మంచి కీర్తనకారుడు కూడా. 1960లో మరణించాడు. గుంటూరు సమీపంలోని కాకాని ఈ శాఖకు కేంద్రం.

రెండవది భక్తసింగ్ ఉద్యమం. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో జన్మించిన భక్తసింగ్ ఇంజనీరింగు చదువు కోసం ఇంగ్లాండు వెళ్ళి, తరువాత కెనడాలో 1929లో కొత్త నిబంధన చదువుతూ క్రైస్తవుడయ్యాడు. 1933లో స్వదేశానికి తిరిగివచ్చి ప్రసంగాలు చేస్తూ 1941లో మద్రాసులో, 1950లో హైదరాబాదులో "హెబ్రోను" పేరుతో సహవాసాలు నెలకొల్పాడు. తెలుగు రాని ఈయన అనువాదకుల ద్వారా మాట్లాడినా తెలుగు జిల్లాలలోనే ఎక్కువ ఆదరణ పొందటం విశేషం. తెల్లవారుజామున బైబిలు చదివి మోకాళ్ళపై ప్రార్థించటం, పెళ్ళి, ఉద్యోగం వంటి ప్రతి విషయంలోనూ దేవుని చిత్తం కోసం కనిపెట్టడం ఈ సహవాసాల అలవాట్లు. అదే సమయంలో ఆరాధన తరువాత అందరూ కులభేదం లేకుండా నేలపై కూర్చొని కలిసి భోజనం చేసే "ప్రేమవిందు" కూడా ఇక్కడి ఆచారమే. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో మరణించాడు.

ఇతర శాఖల దృష్టి

కాథలిక్కులు వ్యక్తిగత భక్తిని నిరాకరించరు. కాని అది దివ్యబలిపూజ, పాపసంకీర్తనం వంటి సంస్కారాల ద్వారా, పునీతుల తోడుతో పెరుగుతుందని వారి బోధ. గుణదల మేరీమాత కొండ ఎక్కే భక్తుడు తలనీలాలు ఇచ్చినా, మొక్కు చెల్లించినా అది తన సొంత కష్టసుఖాల గురించే. 2013లో పోపు ఫ్రాన్సిస్ తన ఉపదేశ పత్రంలో క్రైస్తవులందరూ క్రీస్తును వ్యక్తిగతంగా కలుసుకోవాలని కోరాడు. ప్రొటెస్టంటులలోనూ విమర్శకులు లేకపోలేదు. జర్మను వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్ 1939లో ప్రచురించిన పుస్తకంలో ఒంటరితనం లేని సహవాసం, సహవాసం లేని ఒంటరితనం రెండూ ప్రమాదకరమన్నాడు. దళిత వేదాంతులు మరొక కోణం నుండి, పాపాన్ని వ్యక్తి హృదయానికే పరిమితం చేస్తే అంటరానితనం వంటి సామాజిక పాపం కనుమరుగౌతుందని ఆక్షేపించారు.

సంఘం వెలుపలి విశ్వాసం

దేవునితో సంబంధం పూర్తిగా వ్యక్తిగతమైతే సంఘం ఎందుకు, బాప్తిస్మం ఎందుకు అన్న ప్రశ్నను చివరిదాకా తీసుకువెళ్ళినవాడు కలగర సుబ్బారావు (1912-1981). ఆంధ్రలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పాడు. క్రీస్తును గురువుగా స్వీకరించి, పాటలు కట్టి, రోగుల కోసం ప్రార్థనలు చేశాడు. వేలాదిమంది ఆయన వద్దకు వచ్చేవారు. కాని ఆయన బాప్తిస్మం పొందలేదు, ఏ సంఘంలోనూ చేరలేదు. పాదరీల వ్యవస్థను ఘాటుగా విమర్శించాడు. ఈ ఉద్యమంపై కాయ్ బాగో వ్రాసిన అధ్యయనం 1968లో వెలువడింది. బాప్తిస్మం పొందకుండా క్రీస్తును ఆరాధించేవారు తమిళనాడులోనూ గణనీయంగా ఉన్నారని హెర్బర్ట్ హోఫర్ 1991లో ప్రచురించిన గ్రంథం తెలిపింది.

సుబ్బారావుది సిద్ధాంతపరమైన నిరాకరణ. దళితుల విషయంలో బాప్తిస్మం చట్టంతో ముడిపడి ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దీనిని విస్తరించారు గానీ క్రైస్తవులకు, ముస్లిములకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో "బీసీ-సి" గా పరిగణిస్తారు. దీనివలన ఇంట్లో ప్రతిరోజూ బైబిలు చదివి ప్రార్థించే కుటుంబం కూడా ధ్రువపత్రంలో హిందువుగానే ఉండిపోవటం పల్లెలలో కనిపిస్తుంది. మనసులోని విశ్వాసాన్ని, కాగితం మీది మతాన్ని వేరు చేసే ఈ పరిస్థితిని కొందరు వంచన అంటారు, మరికొందరు వివక్షకు గురైనవారిపై మోపిన అన్యాయమైన ఎంపిక అంటారు. మతం మారిన దళితులకు హోదా కల్పించే విషయాన్ని పరిశీలించటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ నియమించింది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి షెడ్యూల్డు కులాల అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరజాలడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది.